బారా, కేజీయా?

మన ఫ్యాక్టరీల్లో ప్రెషర్‌ని ఇప్పటికీ ‘కేజీ’ల్లోనే చెప్తారు. ‘స్టీమ్ పది కేజీలుంది’ అంటే బరువు కాదు, చదరపు సెంటీమీటరుకు పది కేజీల బలం. కొత్తగా వచ్చే మెషీన్ మాన్యువల్‌లో మాత్రం ‘బార్’ అనే యూనిట్ ఉంటుంది.

రెండూ దాదాపు ఒకటే, తేడా 2 శాతం. 1 కేజీ అంటే 0.981 బార్. టైరులో గాలికో, కంప్రెసర్‌కో ఈ తేడా ఎవరికీ పట్టదు. 200 బార్ హైడ్రాలిక్ ప్రెస్ దగ్గర మాత్రం ఆ ప్రెషర్ 204 కేజీలు. సేఫ్టీ వాల్వ్ సెట్ చేసేవాడు ఆ నాలుగునీ వదిలెయ్యకూడదు.

పంపు పనివాళ్లకు కేజీయే హాయి. 1 కేజీ అంటే 10 మీటర్ల నీటి ఎత్తు, నోటిలెక్క. లెక్కలు కట్టే ఇంజనీరుకు బార్ మేలు, సరిగ్గా 1,00,000 పాస్కల్స్ (ప్రెషర్‌కి ప్రామాణిక యూనిట్) కాబట్టి సున్నాలు జరిపితే చాలు.

నిజానికి కొంప ముంచేది ఈ 2 శాతం కాదు. ప్రెషర్ చూపే గేజ్ వాతావరణ పీడనాన్ని కలపదు, ఏ ప్రెషర్‌కి స్టీమ్ ఎంత వేడిగా ఉంటుందో చెప్పే స్టీమ్ టేబుల్ కలుపుతుంది. గేజ్‌లో 10 కేజీలు చూసి 9.81 బార్ అని నేరుగా టేబుల్ తెరిస్తే ఉష్ణోగ్రత 179 డిగ్రీలు వస్తుంది. వాతావరణ పీడనం 1.01 బార్ కలిపి 10.82 దగ్గర చూస్తే సుమారు 183. నేనైతే డయల్ కింద ‘గేజ్’ అని మార్కర్‌తో రాసిపెడతాను, యూనిట్ ఏదైనా సరే.