హెర్క్యులీస్ కథకి ఏ యానిమేషన్ మేలు?

గ్రీకు వీరుడు హెర్క్యులీస్ కథ యానిమేషన్‌లో చూడాలంటే 1997 నాటి డిస్నీ సినిమా చూడాలా, నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో మొదలైన 'బ్లడ్ ఆఫ్ జ్యూస్' చూడాలా? గ్రీకు పురాణాల మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు.

పక్కన చిన్నపిల్లలుంటే రెండో ఆలోచన వద్దు, డిస్నీదే. రెండోదాంట్లో నెత్తురు ఏరులై పారుతుంది. డిస్నీ సినిమాలో పాటలు బాగుంటాయి. హైడ్రా అనే రాక్షస సర్పంతో పోరాటమైతే మరీను. ఒక తల నరికితే మూడు మొలుస్తూ తెరంతా తలలతో నిండిపోయే ఆ ఘట్టం ఇప్పటికీ కట్టిపడేస్తుంది.

నా లెక్కలో మాత్రం తేల్చాల్సింది ఒక్కటే: దేవతల రాజు జ్యూస్ భార్య హేరా కోపం కథలో ఉందా, లేదా? పురాణంలో జ్యూస్, హెర్క్యులీస్ తల్లి ఆల్క్‌మీనీ దగ్గరికి ఆమె భర్త రూపంలో వెళ్తాడు. గౌతముడి వేషంలో వచ్చిన ఇంద్రుడు మనకి వెంటనే గుర్తొస్తాడు. అక్కడ ఇంద్రుడికి శాపం తగిలింది. ఇక్కడ మొగుణ్ణి ఏమీ చేయలేని హేరా తన కసంతా పుట్టిన బిడ్డ మీద తీర్చుకుంటుంది. పసివాడి మీదికి పాముల్ని పంపుతుంది. పెద్దయ్యాక పిచ్చెక్కిస్తుంది, ఆ ఉన్మాదంలో అతను కన్నబిడ్డల్నే చంపుకుంటాడు. బాగా ప్రచారంలో ఉన్న కథ ప్రకారం హెర్క్యులీస్ చేసిన పన్నెండు సాహసాలూ ఈ పాపానికి ప్రాయశ్చిత్తమే.

డిస్నీ ఏం చేసింది? హేరాని హెర్క్యులీస్ కన్నతల్లిని చేసేసింది. పాములున్నాయి గానీ, అవి పాతాళ దేవుడు హేడీస్ పంపిన సేవకుల మారువేషాలు. ప్రాయశ్చిత్తం కాస్తా తిరిగి దేవతల్లో చేరడానికి పెట్టిన పరీక్షగా మారిపోయింది. కథలోని బాధంతా అక్కడే జారిపోయింది.

'బ్లడ్ ఆఫ్ జ్యూస్'లో హీరో హెరాన్ కల్పిత పాత్ర. అయినా మూలం చెక్కుచెదరలేదు. జ్యూస్ రాజు రూపంలో అతని రాణి ఎలెక్ట్రా దగ్గరికి వస్తాడు, ఆమెకి కవలలు పుడతారు, ఒకడు రాజు కొడుకు, ఒకడు జ్యూస్ కొడుకు హెరాన్. పురాణంలో హెర్క్యులీస్, అతని కవల ఇఫిక్లీస్‌ల పుట్టుక అచ్చం ఇంతే. హేరా పగ దేవతల నివాసమైన ఒలింపస్‌నే యుద్ధంలోకి లాగుతుంది, పాపం తండ్రిది, నిందలు పడేది తల్లీకొడుకులు. కదలికలు అక్కడక్కడా బిగుసుకుపోయినట్టున్నా నా ఓటు దీనికే.

1998లో వచ్చిన డిస్నీ టీవీ సిరీస్ కాలక్షేపానికి సరిపోతుంది.

పెద్దవాళ్లైతే 'బ్లడ్ ఆఫ్ జ్యూస్' మొదటి సీజన్‌తో మొదలుపెట్టండి, 8 ఎపిసోడ్లే. నచ్చితే 2024, 2025లో వచ్చిన మిగతా రెండు సీజన్లూ ఉన్నాయి.