ప్రొఫెషనల్ శ్రేణి గోల్‌కీపర్ గ్లవ్స్: పట్టు అమోఘం, ఆయుష్షు స్వల్పం

ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం ఆటగాడు తప్పనిసరిగా ధరించవలసినవి జెర్సీ, నిక్కరు, మేజోళ్లు, షిన్‌గార్డులు, బూట్లు మాత్రమే. గోల్‌కీపర్ గ్లవ్స్ ఆ జాబితాలో లేవు. అయినా నేటి ప్రొఫెషనల్ ఆటలో ఒట్టి చేతులతో గోల్ ముందు నిలబడే కీపర్ కనిపించడు. 1970లలో పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మయర్ పెద్ద పెద్ద గ్లవ్స్‌తో ఆడి వాటికి ప్రచారం తెచ్చిన నాటి నుంచి ఈ వస్తువు ఎంతగా మారిందంటే, ఇప్పుడు ఏ కంపెనీ జాబితా తెరిచినా పిల్లల జత మొదలుకొని ప్రొఫెషనల్ మ్యాచ్ జత వరకు నాలుగైదు శ్రేణులు కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా పై శ్రేణికి చెందిన ఒక జతను సీజన్ పొడుగునా మ్యాచ్‌లలోనూ శిక్షణలోనూ వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలలో చాలా భాగం ఈ శ్రేణి మొత్తానికీ వర్తిస్తుంది.

ముందుగా నిర్మాణం. అరచేతి వైపు 4 మిల్లీమీటర్ల మెత్తని లేటెక్స్ (రబ్బరు) పొర, దాని కింద పలుచని స్పాంజి పొర ఉన్నాయి. వేళ్ల కుట్లు లోపలివైపు ఉండే ‘నెగెటివ్ కట్’ పద్ధతిలో కుట్టడం వల్ల గ్లవ్ చేతిని గట్టిగా పట్టుకొని ఉంటుంది. వేలు కదిలినప్పుడు తొడుగు కూడా దానితోపాటే కదులుతుంది తప్ప ఆలస్యంగా వెనకాల రాదు. మణికట్టు చుట్టూ సాగే పట్టీ, దానిపైన అంటించుకొనే వెల్క్రో పట్టీ ఉన్నాయి. చేతి వెనుక భాగంలో బంతిని పిడికిలితో గుద్దడానికి వీలుగా కాస్త మందమైన రబ్బరు దిమ్మెలు అమర్చారు. ఇవన్నీ చక్కగా కుదిరాయి. పెట్టెలోంచి తీయగానే వచ్చే రసాయనాల వాసన మాత్రం మొదటిసారి గోరువెచ్చని నీళ్లలో కడిగేదాకా వదలదు. ఆ మొదటి కడుగుడు తప్పనిసరి కూడా, ఎందుకంటే లేటెక్స్ మీద పూసిన పదార్థాలు పోతే గానీ అసలు పట్టు బయటపడదు.

ఆ పట్టు విషయానికి వస్తే నా దగ్గర ప్రశంస తప్ప మరో మాట లేదు. ఆటకు ముందు అరచేతులను కొద్దిగా తడిపి, ఎక్కువైన నీటిని పిండేసి, రెండు చేతులూ ఒకదానితో ఒకటి మెల్లగా అదిమి తీస్తే చిన్న చప్పుడుతో విడిపోతాయి. ఆ చప్పుడు వినిపించిందంటే గ్లవ్స్ సిద్ధమైనట్టే. 68 నుంచి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత, 410 నుంచి 450 గ్రాముల బరువు ఉండే బంతి మూలనుంచి క్రాస్‌గా గాలిలో తిరుగుతూ వచ్చినప్పుడు, నలుగురు ఆటగాళ్ల భుజాల మధ్య ఎగిరి వేలి కొసలతో అందుకున్నా అది జారలేదు. నేలబారుగా వచ్చే గట్టి షాట్లలో తేడా ఇంకా స్పష్టం. తక్కువ శ్రేణి గ్లవ్స్‌తో ఎదురుగా తిరిగి పడి రెండో షాట్‌కు అవకాశమిచ్చే బంతి, వీటితో ఛాతీ కిందనే ఆగిపోయింది. వాన పడుతున్నప్పుడు కూడా పట్టు పెద్దగా తగ్గలేదు. దుమ్ము రేగే పొడి మైదానంలో మాత్రం విరామ సమయంలో మళ్లీ తడుపుకోక తప్పదు.

రెండో షాట్ అనగానే 2002 ప్రపంచకప్ ఫైనల్ గుర్తుకు రాక మానదు. ఆ టోర్నీ అంతటా అద్భుతంగా ఆడి ఉత్తమ ఆటగాడి బహుమతి పొందిన జర్మనీ కీపర్ ఒలివర్ కాన్, యొకొహామాలో బ్రెజిల్ ఆటగాడు రివాల్డో కొట్టిన షాట్‌ను చేజార్చాడు. పక్కనే కాచుకొని ఉన్న రొనాల్డో దాన్ని గోల్ చేశాడు. ఆ మ్యాచ్‌లోనే కాన్ ఉంగరపు వేలికి గాయమైంది. కీపర్ వృత్తిలో వేళ్ల పాత్ర ఎంతటిదో దీన్నిబట్టి అర్థమవుతుంది కనుకనే కంపెనీలు ‘వేళ్ల రక్షణ’ పేరుతో తొడుగులోకి ప్లాస్టిక్ బద్దలు దూర్చి అమ్ముతాయి. ఈ జతలోనూ అవి ఉన్నాయి, కావాలంటే తీసివేయవచ్చు. అవి చేసే పని ఒక్కటే: వేలు వెనక్కి విరగకుండా అడ్డుకోవడం. బంతి సూటిగా వేలి కొనకు తగిలి కీలు దెబ్బతినడాన్ని అవి ఆపలేవు, పక్కకు మెలిపడడాన్ని ఆపలేవు. పైగా బద్దలు ఉన్నప్పుడు వేళ్లు బంతి చుట్టూ సహజంగా ముడుచుకోవు. పెట్టె మీద రాసిన ‘సంపూర్ణ రక్షణ’ అనే మాటను నేను ఒప్పుకోను. గతంలో వేలికి గాయమైనవారు తప్ప మిగిలినవారు బద్దలు తీసేసి ఆడడమే మేలని నా అభిప్రాయం.

ఇక అసలు చిక్కు మన్నిక. సీజన్ సగానికి రాకముందే కుడి బొటనవేలి మొదట్లో, నేలకు ఒరిగినప్పుడు మొదట ఒరుసుకొనే చోట, లేటెక్స్ చిన్న చిన్న రవ్వలుగా రాలడం మొదలైంది. తర్వాత అరచేతి మొదట్లో, మణికట్టు దగ్గర, లోపలి తెల్లని స్పాంజి కనిపించింది. గడ్డి మైదానంలో నెమ్మదిగా సాగే ఈ అరుగుదల కృత్రిమ గడ్డి మీద రెట్టింపు వేగంతో సాగింది. ఎడమ చూపుడువేలి కుట్టు ఒక మ్యాచ్ మధ్యలో విడిపోవడం మాత్రం అరుగుదల కింద రాదు. ఫొటోలతో సహా ఫిర్యాదు పంపితే, వాడకం వల్ల కలిగే సహజమైన అరుగుదలకు హామీ వర్తించదని కంపెనీ నుంచి అచ్చు వేసినట్టుండే జవాబు వచ్చింది. కుట్టు ఊడడానికీ లేటెక్స్ అరగడానికీ ఉన్న తేడా ఆ జవాబు రాసినవారికి పట్టలేదు.

అయితే లేటెక్స్ అరగడాన్ని లోపమనడం పూర్తిగా న్యాయం కాదు. పట్టు ఎంత మెత్తని లేటెక్స్ నుంచి వస్తుందో, అంత త్వరగా అది అరుగుతుంది. పట్టునూ మన్నికనూ ఒకే పొరలో ఏ కంపెనీ సాధించలేకపోయింది. ప్రొఫెషనల్ కీపర్‌కు ఇది సమస్య కాదు. అతనికి గ్లవ్స్ కంపెనీయో క్లబ్బో సమకూరుస్తుంది, శిక్షణకు ఒక జత, మ్యాచ్‌కు మరో జత ఉంటాయి. 1995లో 17 ఏళ్ల వయసులో పార్మా తరఫున ఇటలీ లీగ్‌లో అడుగుపెట్టి 2023లో 45 ఏళ్ల వయసులో విరమించిన జాన్‌లుయీజీ బుఫోన్ లాంటి కీపర్‌కు చూసుకోవలసింది తన కీళ్ల మన్నికే గానీ గ్లవ్స్ మన్నిక కాదు. ఇటలీ కీపర్ డినో జోఫ్ 40 ఏళ్ల వయసులో 1982 ప్రపంచకప్ అందుకున్నాడు. ఈజిప్టు కీపర్ ఎస్సామ్ ఎల్ హదారీ 2018 ప్రపంచకప్‌లో 45 ఏళ్లు నిండాక పెనాల్టీ ఆపాడు. అంత దీర్ఘమైన వృత్తిలో షాట్ తాకిడిని కాస్తయినా మింగే మెత్తని పొరకు విలువ ఉంది, ఆ పొర నాలుగు మ్యాచ్‌లకే అరిగినా సరే. సొంత డబ్బుతో కొనుక్కొని, ఒకే జతతో వారమంతా ఆడే అమెచ్యూర్ కీపర్ లెక్క వేరు. ఈ తేడా కంపెనీ ప్రకటనలో ఎక్కడా కనిపించదు. ప్రొఫెషనల్ అన్న ముద్ర చూసి ఇది ఎక్కువ కాలం మన్నుతుందని కొనేవారే ఎక్కువ.

గ్లవ్స్‌కు ఉన్న హద్దును కూడా ఇక్కడే చెప్పాలి. 2004 యూరో (ఐరోపా దేశాల టోర్నీ) క్వార్టర్ ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో పోర్చుగల్ కీపర్ రికార్డో గ్లవ్స్ తీసి పారేసి, ఒట్టి చేతులతో ఇంగ్లండ్ ఆటగాడు డారియస్ వాసెల్ పెనాల్టీని ఆపి, గెలుపు గోల్ కూడా తానే కొట్టాడు. బంతిని పక్కకు నెట్టడానికి లేటెక్స్ అవసరం లేదు. అక్కడ పనికొచ్చేవి అంచనా, కాళ్ల ఊపు. గ్లవ్స్ ఉపయోగమంతా బంతిని చేతుల్లో నిలుపుకోవడంలో ఉంది. అదీగాక 1992లో బ్యాక్‌పాస్‌ను, అంటే సహచరుడు కాలితో కావాలని వెనక్కి ఇచ్చిన బంతిని, చేత్తో పట్టుకోవడం నిషేధించినప్పటి నుంచి కీపర్ పనిలో పాదాల వాటా పెరుగుతూనే వచ్చింది. బంతిని చేత్తో విసిరేటప్పుడు ఈ జత కొంచెం ఇబ్బంది పెట్టింది: బాగా తడిసిన కొత్త లేటెక్స్ బంతిని ఆఖరి క్షణంలో ఒక రవ్వ ఎక్కువసేపు పట్టుకోవడంతో, దూరంగా విసిరిన బంతి అనుకున్న చోటికి కాస్త ముందే పడింది. నాలుగైదు ఆటలకు చెయ్యి అలవాటు పడింది.

కొనాలనుకొనేవారు దీన్ని మ్యాచ్‌లకే కేటాయించి, శిక్షణకు గట్టి లేటెక్స్ ఉన్న చవక జతను వాడాలి. ఆట అయ్యాక గోరువెచ్చని నీటిలో చేత్తో కడిగి, మెలిపెట్టి పిండకుండా అదిమి, నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే లేటెక్స్ పెళుసుబారి పగులుతుంది. తడిగా ఉన్నప్పుడు రెండు అరచేతులూ ఆనించి సంచిలో పడేస్తే అంటుకుపోయి, విడదీసేటప్పుడు పొర ఊడి వస్తుంది. నెగెటివ్ కట్ బిగుతుగా ఉంటుంది కనుక వేళ్లు లావుగా ఉన్నవారు మామూలుగా వాడే సైజు కంటే సగం సైజు పెద్దది తీసుకోవాలి. పట్టుకు 5కు 5, సౌకర్యానికి 4, మన్నికకు 2 ఇస్తున్నాను. కుట్టు విషయంలో కంపెనీ ఇచ్చిన జవాబును లెక్కలోకి తీసుకొని, సేవకు 1 కంటే ఎక్కువ ఇవ్వలేను.