స్క్రూల ఖాళీ క్యాసెట్ షెల్: అసలు సంగతంతా హబ్ క్లిప్‌లో ఉంది

ఐదు స్క్రూలు, ప్రెషర్ ప్యాడ్, రెండు రోలర్లు, రెండు జారుడు షీట్లు. ఇవి ఏ ఖాళీ షెల్ (రీలు లేని క్యాసెట్ డబ్బా) కొన్నా వస్తాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు. ఈ షెల్‌ని చాలాకాలంగా వదలకుండా వాడుతున్నది దాని హబ్ కోసం, అంటే రీలు చుట్టుకునే చక్రం కోసం, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే రీలు కొసను పట్టుకునే గోరంత క్లిప్ కోసం. రేడియోలోంచి పట్టిన నాటకాలు, హరికథలు, ఇంట్లో పెద్దవాళ్ల గొంతులు ఉన్న పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో ఎక్కువ నష్టం జరిగేది ఆ కొస దగ్గరే. రీలు మధ్యలో తెగడం అరుదు. హబ్ నుంచి ఊడిపోవడమే ఎక్కువ.

ఎందుకో చూడండి. రివైండ్ ఆఖర్లో ఒక పక్క చుట్ట నిండి సుమారు 5 సెంటీమీటర్ల వ్యాసానికి వస్తుంది, రీలు వేగం కూడా అప్పుడే ఎక్కువ. రెండో పక్కన మిగిలేది 22 మిల్లీమీటర్ల ఖాళీ హబ్. లీడర్ (రీలు కొసకి అతికించి ఉండే పూత లేని ప్లాస్టిక్ పట్టీ) అయిపోగానే ఆ నిండు చుట్ట ఊపంతా ఒక్క కుదుపుతో క్లిప్ మీద పడుతుంది. ఆటో స్టాప్ ఉన్న డెక్ (క్యాసెట్ ప్లేయర్) అయినా చక్రం ఆగిందని గుర్తించాకే మోటారు ఆపుతుంది కాబట్టి, ఆ కాస్త సేపూ లాగుతూనే ఉంటుంది. పాత క్యాసెట్లలో కొన్నిటికి గాడిలో సన్నటి పుల్లలాంటి ముక్క దూర్చి వదిలేశారు. ఏళ్ల తరబడి ఉన్నాక అది వదులైపోయి, ఈ కుదుపుకి తట్టుకోలేదు.

ఈ షెల్ హబ్‌లో క్లిప్‌కి రెండు పల్చటి చేతులున్నాయి. నొక్కితే లోపలికి వంగి, గాడిలో కూర్చున్నాక మళ్లీ విచ్చుకుని గోడలను ఒత్తుతాయి. లీడర్ ఒక అంచు నుంచి బయటికి వస్తుంది కాబట్టి లాగినప్పుడు క్లిప్ కాస్త తిరగబోయి ఇంకా బిగుసుకుంటుంది. తీయాలంటే అగ్గిపుల్లతో పక్క నుంచి తోస్తే చాలు, విరగదు. గట్టిగా పట్టుకోవాలి, కావాలన్నప్పుడు వదలాలి: రెండూ ఒకే ముక్కలో కుదరడం నిజంగా మెచ్చుకోవాల్సిన పనితనం.

పాత రీలుకి ఈ హబ్ ఎక్కించేటప్పుడు నిండు చుట్ట జోలికి పోకండి. పాత షెల్‌లోనే నెమ్మదిగా పూర్తిగా ఒక పక్కకి చుట్టి, ఖాళీ అయిన హబ్ మార్చండి. తర్వాత మొత్తం రెండో పక్కకి చుట్టి, అప్పుడు ఖాళీ అయిన హబ్ మార్చండి. ఎప్పుడూ చేతిలో ఉండేది ఖాళీ హబ్ మాత్రమే. చుట్టని హబ్ పట్టుకుని పైకి లేపితే నడుమ జారి మొత్తం విడిపోతుంది, దాన్ని తిరిగి సర్దడం నరకం. షెల్ మార్చాలంటే కొత్త సగాన్ని పైన బోర్లించి, రెండూ కలిపి పట్టుకుని తిప్పండి. లీడర్ కొసను గాడి మీదుగా రెండు మూడు మిల్లీమీటర్లు దాటించి, క్లిప్ నొక్కి, మిగిలిన తోకను బ్లేడుతో కోసేయాలి. గోటితో హబ్ అంచు వెంట రాస్తే క్లిప్ దగ్గర ఎత్తు తగలకూడదు.

క్లిప్ వదలదని మొదట్లో అందరికీ చెప్పాను. సి-60కీ సి-90కీ (ఆ అంకె రెండు వైపులా కలిపి ఆడే నిమిషాలు) ఆ మాట ఇప్పటికీ నిజమే. సి-120 దగ్గర మాత్రం ఒకసారి దెబ్బతింది. ఆ క్యాసెట్‌కి లీడర్ ఎప్పుడో ఊడిపోయింది, రీలు కొసే నేరుగా క్లిప్‌లోకి వెళ్లింది. సి-120 రీలు 9 మైక్రాన్లే. క్లిప్ కొలత మాత్రం దానికన్నా బాగా మందంగా ఉండే లీడర్‌కి తగ్గట్టు చేసినది. రివైండ్ కుదుపుకి రీలు సగం జారింది, పూర్తిగా ఊడలేదు. పైనుంచి చూస్తే అంతా మామూలుగానే కనిపించింది. ప్లే నొక్కాక మిగతా సగం జారిపోయింది. ఇక్కడే డెక్ మోసపోతుంది: రీలు లేని హబ్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, చక్రం తిరుగుతోంది కాబట్టి ఆటో స్టాప్ పనిచేయదు. రీలుని నడిపే ఇరుసు (క్యాప్‌స్టన్), దానికి రీలుని నొక్కిపట్టే రబ్బరు చక్రం (పించ్ రోలర్) కలిసి సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున రీలు తోస్తూనే ఉంటాయి, చుట్టేవాళ్లు లేరు. అర నిమిషంలో దాదాపు 1.4 మీటర్లు రోలర్‌కి చుట్టుకుని నలిగిపోయింది. ధ్వని మాత్రం చివరిదాకా బాగానే వినిపించింది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నలిగిన చోట మడతలు పూర్తిగా పోవు. బిగుతుగా చుట్టి కొన్నాళ్లు వదిలేస్తే కాస్త సర్దుకుంటాయి, శబ్దం మాత్రం అక్కడక్కడా మునిగి తేలుతుంది.

ఇది క్లిప్ లోపమని అనలేను, కానీ ప్యాకెట్ మీద ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. రీలుని నేరుగా క్లిప్‌లో పెట్టకండి. పనికిరాని క్యాసెట్ నుంచి 30 సెంటీమీటర్లకు తగ్గని లీడర్ కోసి, రెండు కొసలూ 45 డిగ్రీల కోణంలో కత్తిరించి, 3.81 మిల్లీమీటర్ల స్ప్లైసింగ్ టేపుతో అతికించండి. అతుకు రీలు వెనక వైపే పడాలి. పూత ఉన్న వైపు క్యాసెట్‌లో బయటికి, అంటే హెడ్డు వైపుకి ఉంటుంది. మామూలు సెల్లో టేపు వాడితే దాని జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది, మళ్లీ ఊడదీయలేరు.

హబ్‌లు వాడేముందు ఒక పరీక్ష తప్పనిసరి చేసుకున్నాను. లీడర్ ముక్క బిగించి, దానికి 200 మిల్లీలీటర్ల నీళ్లున్న చిన్న సీసా వేలాడదీసి ఒక నిమిషం ఉంచాలి. కొంచెం జారినా ఆ హబ్ పక్కన పడేయాలి. తెల్లటి హబ్‌లు ఇందులో బాగా నిలబడ్డాయి. అదే ప్యాకెట్‌లో కలిసి వచ్చే పారదర్శక రంగు హబ్‌లు పెళుసు, క్లిప్ రెండోసారి తీసేటప్పుడే చేయి విరుగుతుంది. చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ వద్దు.

ఇంకో సంగతి. క్లిప్ కూర్చున్న చోట ఎంత నున్నగా ఉన్నా చిన్న ఎత్తు మిగులుతుంది. హబ్ చుట్టుకొలత సుమారు 69 మిల్లీమీటర్లు, అర మీటరు లీడర్ ఉంటే ఏడు చుట్లు పరుపులా పడి ఆ ఎత్తుని మింగేస్తాయి. లీడర్ పొట్టిదైతే సైడ్ మొదట్లో, చివర్లో స్వరం సన్నగా ఊగుతుంది. మాటలకి తెలియదు. వీణ, వేణువు లాంటివాటిలో దీర్ఘంగా నిలిపిన స్వరం దగ్గర తెలిసిపోతుంది.

స్క్రూలు మూలల వారీగా ఎదురెదురుగా బిగించండి, గట్టిగా కాదు. పెన్సిల్‌తో తిప్పితే హబ్ తేలిగ్గా తిరగాలి, లేదంటే పావు చుట్టు వదులు చేయండి.

నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ మాటల క్యాసెట్లే, అవీ ఒకటి రెండుసార్లు ఆడి భద్రంగా పక్కన పెట్టేవే. ఆ పనికి ఇంతకన్నా నమ్మకమైన హబ్ నాకు దొరకలేదు. రోజూ కారులో ఆడించేవాళ్లకి, సంగీతం రికార్డింగులే ముఖ్యమైనవాళ్లకి ఇదే మాట చెప్పలేను. బాగుచేయాల్సినవి రెండు మూడే ఉంటే ప్యాకెట్ కొనక్కర్లేదు. ఇంట్లో పడి ఉన్న, స్క్రూలున్న ఏ పాత క్యాసెట్ అయినా విప్పి దాని హబ్‌లకి సీసా పరీక్ష పెట్టి చూడండి.