వీడ్ మ్యాట్: సందులో భేష్, పూలమడిలో వద్దు

నేను కొన్నది నేత రకం వీడ్ మ్యాట్, అంటే కలుపు మొలవకుండా నేలమీద పరిచే పట్టా. నల్లగా ఉంటుంది, మధ్యమధ్య పచ్చగీతలు. 100 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు పట్టా 100 గ్రాములు తూగుతుంది. ఆన్‌లైన్‌లో చదరపు మీటరు ముప్పై రూపాయల లెక్కన పడింది. ఇంటికీ ప్రహరీకీ మధ్య సందులో కొంత, ముందర మందారాలు, మల్లెలు ఉన్న మడిలో కొంత పరిచాం. మాది అనంతపురం. ఇక్కడి ఎండా, గాలీ, వానా అన్నీ దానిమీద పడ్డాకే ఈ రివ్యూ.

సందులో పెట్టిన డబ్బు దండగ కాలేదు. వాన పడితే అక్కడ వయ్యారిభామ నడుమెత్తు లేచేది, పీకితే చేతులంతా దద్దుర్లు. ఇప్పుడు ఆ మొక్క మచ్చుకు ఒక్కటీ లేదు. ఎండ తగలక కిందున్న గరిక కూడా పాలిపోయి చచ్చింది. కాకపోతే అంచుల దగ్గర కన్నేసి ఉంచాలి. ప్రహరీ వారన వేలెడు జాగా దొరికినా చాలు, గరిక అక్కడి నుంచి పాకి పైకెక్కేస్తుంది.

తుంగతో మాత్రం ఏ పట్టాకైనా కష్టమే. దాని మొలక సూది. పక్కింటివాళ్లు చౌకగా వస్తుందని ఎరువులంగట్లో మల్చింగ్ షీట్ తెచ్చి వేశారు, పొలాల్లో టమోటాకు, కలింగరకు వేస్తారే, 25 మైక్రాన్ల పలచటిది, అదే. తుంగ దాన్ని ఎక్కడికక్కడ పొడుచుకుని బయటికొచ్చింది. పైగా అందులోంచి నీళ్లు దిగవు. పొలంలో షీటు కింద డ్రిప్ పైపు ఉంటుంది, పంట అయిపోగానే తీసేస్తారు, కాబట్టి రైతుకు అది సరిపోతుంది. పైపు పట్టుకుని పైనుంచి నీళ్లు కొట్టే ఇంటి పెరటికి పనికిరాదు. నా నేత పట్టాలోంచి నీళ్లు నిదానంగానైనా దిగుతాయి. తుంగ దీన్ని కింది నుంచి బుడిపెలుగా ఎత్తింది, ఒకటీ అరా నేతలోంచి తొంగి చూసింది, అంతే. పరిచే ముందే మట్టి తవ్వి తుంగ గడ్డలు ఏరేస్తే ఆ బెడద ఇంకా తగ్గుతుంది.

పట్టాతో పాటు ఉచితంగా వచ్చిన పిన్నులు దేనికీ కొరగావు. మా గట్టి నేలలో సుత్తితో కొడితే వంకర పోయాయి. ఆషాఢంలో మా ఊరి గాలి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఒక మూల లేచిందంటే పట్టా మొత్తం లేస్తుంది. ఆరు ఎంఎం ఇనుప చువ్వ వెల్డింగ్ షాపులో ముక్కలు చేయించి, యూ ఆకారంలో వంపించి కొట్టించాక గానీ కుదురుకోలేదు. రెండు ముక్కలు కలిసేచోట జానెడు ఒకదానిమీదొకటి రావాలి. కత్తిరించిన అంచు దారాలు ఊడిపోతూ ఉంటాయి కాబట్టి పాత కత్తి పొయ్యిమీద ఎర్రగా కాల్చి, దాంతో కోయండి. కంపు కొడుతుంది, ఆరుబయటే చేయాలి.

ఇక పూలమడి. అక్కడ పరిచినదాన్ని పీకేశాం. రాలిన ఆకులు, గాలికొచ్చిన దుమ్ము పట్టామీదే చేరి మట్టి అవుతాయి, గింజలు పైనే మొలుస్తాయి. వాటి వేళ్లు నేతలోకి దిగాక లాగితే దారాలు కూడా ఊడొస్తాయి. మల్లెపాదు తవ్వి ఎరువు వేయాలంటే ప్రతిసారీ పిన్నులు పీకాలి. ఏటా తమంతట తామే మొలిచే బంతి, చంద్రకాంత మొక్కలు ఆ ఏడు అసలు కనబడలేదు. మడిలో పనికి వచ్చే ఆమె, "ఇదేందక్కా, మట్టికి ముసుగేసినావు, ఎరువు యాడ పొయ్యాల?" అని విసుక్కుంది. ఆమెదే న్యాయం.

ఇప్పుడక్కడ చెనిక్కాయ పొట్టు వేస్తున్నాం. మా దగ్గర మిల్లుల్లో బస్తాలకొద్దీ దొరుకుతుంది. బెత్తెడు మందాన పరిచి, వెంటనే నీళ్లతో తడపాలి, లేకపోతే గాలికి వీధిలోకి పోతుంది. మొక్క మొదలుకు ఆనకుండా కాస్త ఎడం వదలాలి. ఎక్కడో ఒక పప్పు మిగిలి ఉంటుందని ఉడతలు వచ్చి గెలుకుతాయి, పోనీలెమ్మని ఊరుకున్నాం. కలుపు అసలు రాదని చెప్పను, కానీ వచ్చింది రెండు వేళ్లతో లాగితే వేళ్లతో సహా వచ్చేస్తుంది. పొట్టు కుళ్లి మట్టిలో కలిసేకొద్దీ మళ్లీ పోయాలి, ఆ ఖర్చు ఉంది. చెదల భయం ఉన్నవాళ్లు తలుపు చట్రాల పక్కన వేయకండి.

పట్టా మీద చిప్స్ (సన్న కంకర) పోస్తే చూడ్డానికి బాగుంటుంది, ఎండ నేరుగా పడదు కాబట్టి పట్టా కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే ఏప్రిల్, మేలో మధ్యాహ్నం దానిమీద ఉత్తకాళ్లతో అడుగు పెట్టలేరు, ఊడ్చడమూ కష్టమే. మేము సందులో సగం దూరమే పోశాం. కొనేవాళ్లు 90 జీఎస్ఎంకు తక్కువది తీసుకోకండి, ఎండకు త్వరగా పాడవకుండా చేసే యూవీ ట్రీట్‌మెంట్ ఉందో లేదో అడగండి. సందుకు, కుండీల కిందికి అయితే అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. పూలమడికి ఒకటి, అదీ పీకిన ముక్కలు కుండీల కింద పనికొచ్చాయి కాబట్టి.