మూడేళ్లు డేటింగ్ యాప్స్ వాడాక: నా ఫోను, మా తమ్ముడి ఫోను

2022 చివర్లో మొదలుపెట్టా, మూడేళ్లు దాటింది. ముందు టిండర్, తర్వాత బంబుల్, ఇప్పుడు ఎక్కువగా హింజ్. నాకు 31, కొండాపూర్‌లో ఉంటా. వీటి మీద అమ్మాయిలు రాస్తే అమ్మాయిల గోలే, అబ్బాయిలు రాస్తే అబ్బాయిల గోలే ఉంటుంది, నాకు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం వచ్చింది కాబట్టి రాస్తున్నా.

పోయిన సంక్రాంతికి ఊళ్లో డాబా మీద కూర్చుని నేనూ మా పిన్ని కొడుకూ ఒకరి ఫోన్ ఒకరం చూసుకున్నాం. వాడు నాకన్నా మూడేళ్లు చిన్న, వాడి జాబూ హైదరాబాద్‌లోనే. టిండర్‌లో నాకు లైకులు 99+ అని ఉంది, వాడికి రెండు నెల్లకి ఏడు. "ఇన్ని వస్తుంటే నీకింకేం బాధక్కా" అన్నాడు. నేనేం చెప్పలేదు, చాట్స్ తెరిచి వాడి చేతిలో పెట్టా. హాయ్, హాయ్, హాయ్ డియర్, నంబర్ ఇవ్వవా, మధ్యలో తమ్ముడికి చూపించలేని మెసేజ్ ఒకటుంటే అది గబుక్కున నేనే జరిపేశా. కాసేపు చూసి "ఒక్కడూ నీ ప్రొఫైల్ చదవలేదు కదక్కా" అన్నాడు మెల్లగా.

తర్వాత వాడు స్వైప్ చేస్తుంటే చూశా. ఫొటో పూర్తిగా లోడ్ అవకముందే కుడికి తోసేస్తున్నాడు, అంటే లైక్ కొట్టేస్తున్నాడు, అందర్నీ. అదేంట్రా అంటే "మొదట్లో నేనూ అన్నీ చదివి చూసే లైక్ కొట్టేవాణ్ని, నెలంతా ఒక్క మ్యాచ్ రాలేదు, ఇంక చదివి ఏం చెయ్యను" అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు లైక్ కొడితేనే మ్యాచ్ కాబట్టి వాడి బాధ నిజమే అనిపించింది. మన దగ్గర ఈ యాప్స్‌లో మగవాళ్లే చాలా ఎక్కువ, మ్యాచ్‌లు రావట్లేదని వాళ్లు అందరికీ లైక్ కొడతారు, అలా కొట్టేసరికి మాకు లైకులు కుప్పలు పడతాయి, ఆ కుప్పలో మేం పది సెకన్లలో ఒకణ్ని తీసేస్తాం, దాంతో వాళ్లకి ఇంకా రావు. మగబుద్ధి ఆడబుద్ధి అని తేల్చేస్తారు గానీ సగం ఆ యాప్ నేర్పిన బుద్ధే.

ఎందుకంటున్నానంటే హింజ్‌లో డబ్బు కట్టకపోతే రోజుకి 8 లైకులే. వాణ్ని అందులో చేరమన్నా. రెండు వారాల్లో అదే మనిషి ప్రొఫైల్ మొత్తం చదివి, ఏదో ఒక లైన్ పట్టుకుని దాని మీద కామెంట్ రాసి పంపుతున్నాడు. మ్యాచ్‌లు కుప్పలేం రాలేదు, కానీ వచ్చినవాళ్లతో మాట సాగుతోంది.

బంబుల్ 2018 డిసెంబర్‌లో ఇక్కడికొచ్చింది, అప్పట్లో మ్యాచ్ అయ్యాక అమ్మాయే ముందు మెసేజ్ పెట్టాల్సొచ్చేది, 24 గంటలు దాటితే మ్యాచ్ పోయేది. ఆఫీస్ అయ్యి ఇంటికొచ్చాక అది ఇంకో పనిలా ఉండేది నాకు. 2024లో అమ్మాయి ఒక ప్రశ్న ముందే పెట్టుకుంటే మ్యాచ్ అయిన అబ్బాయి దానికి జవాబు రాసే ఆప్షన్ తెచ్చారు, అది మాత్రం చాలా బావుంది. ఆదివారం టిఫిన్ ఎక్కడ చేస్తావ్ అని పెట్టా. చాలామంది "హోటల్" అని ఊరుకున్నారు, ఒకబ్బాయి తన వీధి చివర బండి మీద పెసరట్టు గురించీ ఆ అల్లం పచ్చడి గురించీ ఆరు లైన్లు రాశాడు. ఆ అబ్బాయిని మూడుసార్లు కలిశా.

కలవడం దగ్గరైతే తేడా చాలా ఉంది. నేను పగలే వెళ్తా, మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉన్న కేఫే చెప్తా, రూమ్మేట్‌కి లైవ్ లొకేషన్ పంపి అరగంటకి కాల్ చెయ్యమంటా. ఇవేవీ తమ్ముడికి తట్టనే తట్టవు, వాడి భయమల్లా అసలు ఆ అమ్మాయి వస్తుందా, ప్రొఫైల్ నిజమేనా అని. అదీ ఉత్త భయం కాదు, పబ్‌కి రమ్మని వేలల్లో బిల్లు కట్టించే మోసాలు హైదరాబాద్‌లోనే 2024లో పేపర్లకెక్కాయి.

ఒక యాప్‌లో, పేరెందుకులే, ఒకడు వేరే వేరే అకౌంట్లతో వెంటపడుతుంటే మూడుసార్లు రిపోర్ట్ కొట్టా, మూడుసార్లూ అదే ఆటోమేటిక్ రిప్లై. ఆ రోజే తీసేశా. ప్రీమియం తమ్ముడు మూడు నెల్లు కట్టాడు, అదనంగా రెండు మ్యాచ్‌లు, నేనైతే కట్టొద్దంటా. నేను హింజ్ ఉంచుకున్నా, వారానికి రెండు రోజులే తెరుస్తున్నా, నో చెప్పాలంటే మాయమైపోకుండా ఒక లైన్ రాసి చెప్తున్నా, ఇది తమ్ముడి ఫోన్ చూశాక మొదలుపెట్టిందే.