ఫైర్ అలారం, సీసీ కెమెరాల పనికి ఐటీఐ మేలా, నేరుగా అప్రెంటిస్‌గా చేరడం మేలా?

తిరుపతిలో లాడ్జీలు, ఆసుపత్రులు, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు పెరిగేకొద్దీ ఈ పని తెలిసినవారికి గిరాకీ పెరిగింది. పదో తరగతి ముగించిన పిల్లవాణ్ణి ఐటీఐలో చేర్చాలా, కాంట్రాక్టరు దగ్గర అప్రెంటిస్‌గా పెట్టాలా అని అడిగే తల్లిదండ్రులూ ఎక్కువయ్యారు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. వైరింగు, ఎర్తింగు, మల్టీమీటరు వాడకం ఒక పద్ధతిలో వస్తాయి. ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. అయితే అందులో ఫైర్ ప్యానెల్ (భవనంలోని ఫైర్ అలారం లైన్లన్నీ వచ్చి చేరే నియంత్రణ పెట్టె) ప్రధానాంశం కాదు. నేరుగా అప్రెంటిస్‌గా చేరితే మొదటి నెల నుంచే స్టైపెండ్ వస్తుంది; 2019లో సవరించిన నిబంధనలు చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా కనీస మొత్తాలను నిర్ణయించాయి. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కాకుండా పెట్టుకుంటే మాత్రం, పేరు ఏదైనా, అది కూలిపనే.

నా దృష్టిలో అసలు తేడా ఐటీఐకీ అప్రెంటిస్‌షిప్‌కీ మధ్య లేదు. కొత్త భవనాలకు మాత్రమే పనిచేసే కాంట్రాక్టరుకూ, ఏటా మెయింటెనెన్స్ ఒప్పందాలు తీసుకునే కాంట్రాక్టరుకూ మధ్య ఉంది. మొదటివాడి దగ్గర కుర్రవాడు ఏడాది పొడవునా పైపులు బిగించి, ఫాల్స్ సీలింగులో కేబుల్ లాగుతాడు. ప్యానెల్ తలుపు తెరిచేది కంపెనీ ఇంజనీరు. రెండోవాడి దగ్గర పాత లాడ్జీలో ప్యానెల్ మీద మూడో అంతస్తు జోన్ (ఒకే లైనుకు కలిపిన భాగం)లో ఫాల్ట్ చూపిస్తుంటే, లైను ఎక్కడ తెగిందో కుర్రవాడే వెతకాలి. పాత తరహా ప్యానెల్‌లో లైను చివరన ఒక రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగం) ఉంటుంది. దాని గుండా పారే కొద్దిపాటి కరెంటును బట్టే లైను తెగలేదని ప్యానెల్‌కు తెలుస్తుంది. లైనును మధ్యలో విప్పి, అక్కడే అదే విలువ గల రెసిస్టర్ పెట్టినప్పుడు ఫాల్ట్ పోయిందంటే, తెగింది అవతలి సగంలో. చాలాసార్లు చివరికి తేలేదేమిటంటే, రంగులు వేసినవారు ఆ లైనులోని డిటెక్టర్ (పొగనో వేడినో పసిగట్టే పరికరం) విప్పి మళ్లీ సరిగా బిగించలేదని. వంటగదిలో స్మోక్ డిటెక్టర్ పెట్టినందువల్ల తాలింపు పొగకే మోగుతుంటే, దాని స్థానంలో హీట్ డిటెక్టర్ పెట్టాలని కూడా ఇలాంటి చోటే తెలుస్తుంది. (విసిగిన సిబ్బంది అలారం మోగించే హూటర్ వైరే పీకేసిన భవనాలూ లేకపోలేదు.)

రెండేళ్లు ఆగగలిగిన కుటుంబమైతే ఐటీఐ ముగించి ఇలాంటి సర్వీసు పనిలో అప్రెంటిస్‌గా చేరడం అన్నిటికంటే మెరుగు. ఆగలేనివారు నేరుగా సర్వీసు కాంట్రాక్టరు దగ్గర చేరినా, ఐటీఐ చేసి కేబుల్ లాగుతూ ఉండిపోయినవారి కంటే ముందుంటారన్నది నా అభిప్రాయం.

ఇక ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాలు సేఫ్టీ పర్యవేక్షణ ఉద్యోగాల కోసం ఉద్దేశించినవి; స్వల్పకాలిక సీసీటీవీ కోర్సులు కెమెరాల వరకే.

చేరే ముందు ఆ సంస్థ సర్వీసు రిజిస్టరు చూపమని అడగవచ్చు. ఎన్ని భవనాలకు మూడు నెలలకోసారి వెళ్తున్నారో, ఫాల్ట్ సరిచేసినవారి సంతకాల్లో అప్రెంటిస్‌లవి ఉన్నాయో లేవో అందులోనే కనిపిస్తుంది.