పండగ ప్రయాణంలో కారు ఆగితే 1033: ఏం చేస్తారు, ఏం చేయరు

సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్–విజయవాడ రహదారి మీద పంతంగి టోల్ దగ్గర ఎంత రద్దీ ఉంటుందో అందరికీ తెలిసిందే. ఇంజిన్లు వేడెక్కేది కూడా అక్కడే. కారు వేగంగా పోతున్నంతసేపూ రేడియేటర్‌కు ఎదురుగాలి తగులుతుంది కాబట్టి ఫ్యాన్ పనిచేయకపోయినా బయటపడదు. బారులో మొదటి గేరులో పాకుతున్నప్పుడు ఆ గాలి ఉండదు, ఏసీ భారం అదనం. ఫ్యాను ఫ్యూజో రిలేయో పోయి ఉంటే టెంపరేచర్ ముల్లు చూస్తుండగానే పైకి లేస్తుంది. భోగికి ఊళ్లో ఉండాల్సిన కుటుంబం పిల్లాపెద్దలతో, సామాన్లతో రోడ్డు పక్కన నిలబడాల్సి వస్తుంది.

అలాంటప్పుడు మొదట చేయాల్సిన ఫోన్ 1033కి. ఇది జాతీయ రహదారుల సంస్థ 2018లో తెచ్చిన హెల్ప్‌లైన్. 24 గంటలూ పనిచేస్తుంది, ఫోన్‌కు ఖర్చు లేదు. టోల్ అంటే రోడ్డు మీద నడిచినందుకు కట్టేదనే అనుకుంటాం గానీ, ఆ రహదారి మీద తిరిగే గస్తీ బండి, అంబులెన్సు, క్రేన్ కూడా అందులోనివే. ఒకప్పుడు టోల్ రసీదు మీద ఆ ఫోన్ నంబర్లు ఉండేవి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక చేతికి రసీదు రావడం దాదాపు ఆగిపోయింది. అందుకని టోల్ ప్లాజా దగ్గర బోర్డు మీద ఆ నంబర్లు కనిపిస్తే, పక్క సీట్లో ఉన్నవాళ్లు ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది.

ఫోన్‌లో ఏం చెప్పాలన్నదే అసలు విషయం. "సూర్యాపేట దాటాక ఒక దాబా దగ్గర" అంటే క్రేన్ వెతుక్కుంటూ తిరగాలి. రోడ్డు పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి చూడండి. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకూ 2, 4, 6, 8 అంకెలతో చిన్న రాళ్లుంటాయి. ఆ రెండు అంకెలూ చెప్పి, ఏ ఊరి వైపు పోతున్నారో కూడా తప్పకుండా చెప్పాలి. మధ్యలో డివైడర్ ఉంటుంది కాబట్టి అవతలి వైపుకు వచ్చిన క్రేన్ యూటర్న్ దొరికేదాకా పోయి తిరిగి రావాలి. కారు మోడలు, మాన్యువలా ఆటోమేటికా, చక్రాలు తిరుగుతున్నాయా లేదా, ఇవీ చెప్పండి.

బృందం వచ్చేలోపు నాలుగు ఇండికేటర్లూ వేసి, కారుకు కనీసం 50 మీటర్ల వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. అందరూ ఎడమ తలుపు నుంచి దిగి ఇనుప రెయిలింగ్ అవతలికి వెళ్లాలి. చలిగా ఉందని పిల్లల్ని కారులోనే కూర్చోబెట్టడం చాలా ప్రమాదం. ఆగిన బండిని వెనక నుంచి లారీ గుద్దడం హైవేల మీద కొత్త కాదు.

వేడెక్కిన ఇంజిన్ విషయంలో తొందర పనికిరాదు. ముల్లు లేవగానే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. ముప్పావు గంటదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉండడం వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి మీద చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంది. చల్లారాక హోస్ పైపు క్లిప్పు దగ్గర కారుతోందేమో చూడండి. క్లిప్పు వదులైతే స్క్రూడ్రైవర్‌తో బిగించి, మంచినీళ్లు పోసుకుని దగ్గరి మెకానిక్ దాకా మెల్లగా పోవచ్చు. ఆయిల్ గేజి తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడిందా, ఇంజిన్‌లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయినట్టే. ఇక సెల్ఫ్ కొట్టొద్దు.

క్రేన్ వచ్చాక మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. మన చిన్న కార్లు ఎక్కువగా ముందు చక్రాలతో నడిచేవి, ముందు భాగం ఎత్తి లాగితే సరిపోతుంది. ఆటోమేటిక్ కారును ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగితే, ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి గేర్‌బాక్సుకు ఆయిల్ అందక పాడవుతుంది. ఎలక్ట్రిక్ కారు, నాలుగు చక్రాలూ నడిచే బండి అయితే ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తాన్ని మోసుకెళ్లే చదునైన లారీ) మీదికి ఎక్కించాల్సిందే. లాగే హుక్కు సాధారణంగా డిక్కీలో జాకీ దగ్గరే ఉంటుంది. కొన్ని కార్లలో దాని మర ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. ఎత్తే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి.

ఈ సేవ హద్దు కూడా తెలియాలి. వాళ్ల పని దారికి అడ్డం తీసి బండిని దగ్గరి సురక్షితమైన చోటికి చేర్చడం. మీ ఊరి షెడ్డు దాకా తీసుకెళ్లరు, రిపేరు చేయరు. ఆ పైన బీమాతో తీసుకున్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పనికొస్తుంది. అందులో ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం, ఏడాదికి ఎన్నిసార్లు అన్నది పాలసీని బట్టి మారుతుంది. బయలుదేరే ముందే చదివి, ఆ నంబరు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవాలి. పండగ రద్దీలో ఆలస్యం తప్పదు, క్రేన్ కూడా అదే బారులో రావాలి కదా. మొత్తం మీద ఈ 1033 సేవకు ఐదు మార్కులకు నాలుగు ఇస్తాం. తగ్గిన ఆ ఒక్కటీ ఆలస్యానికి కాదు, ఫాస్టాగ్ వచ్చాక ఈ నంబరు జనానికి కనబడకుండా పోయినందుకు.

కారును టోల్ ప్లాజాకు చేర్చినా మేలే. అక్కడ వెలుతురు, మరుగుదొడ్డి ఉంటాయి, నలుగురు మనుషులుంటారు. ముసలివాళ్లను, పసిపిల్లలను అక్కడ కూర్చోబెట్టి, ఊళ్లో వాళ్లకు ఫోన్ చేసి ఇంకో కారు పిలిపించుకోవచ్చు. భోగి మంట తప్పినా పెద్ద పండగ నాటికి ఇంటికి చేరతాం.

ఇంతా చేసి, రాత్రి పూట పొగమంచులో లారీలకు ఎదురుగా నిలబడి ఆరెంజ్ కోన్లు పెట్టే ఆ కుర్రాళ్లకు కూడా పండగే. వాళ్లకూ ఊళ్లున్నాయి, ఇంట్లో ఎదురుచూసేవాళ్లున్నారు. మన పిల్లలు క్షేమంగా రెయిలింగ్ అవతల నిలబడగలిగారంటే, వాళ్లు కారు వెనక నిలబడ్డారు కాబట్టే. "ఎంతసేపయ్యా" అని అరవకుండా, దగ్గరున్న అరిసెలో జంతికలో చేతిలో పెట్టి "పండగ పూట మీకూ ఇబ్బందే తమ్ముడూ" అంటే సంతోషిస్తారు. వాళ్ల ఉద్యోగానికి పనికొచ్చే మాట ఇంకొకటుంది: కదిలాక మళ్లీ 1033కి ఫోన్ చేసి, ఏ టోల్ బృందం వచ్చింది, ఏ బండి నంబరు, పని ఎలా చేశారు అన్నది చెప్పండి.